గీసిన కళ్ళు

తెర మీద ఉన్న ఆ రెండు కళ్ళూ మా అమ్మవి కావు. అవి తప్ప తెర మీద మరేమీ లేదు. పసుపు, ఆ పసుపులో అక్కడక్కడ గోధుమరంగు మరకలు. నుదురూ ముక్కూ నోరూ ఉండవలసిన చోట ఏమీ లేకుండా, నల్లగా, నిబ్బరంగా, రెప్ప వేయని రెండు కళ్ళు మాత్రం నన్ను చూస్తున్నాయి. హొసకోటలో నా ఇంటి గోడ మీది నుంచి ఇన్నేళ్ళూ ఇలాగే చూశాయి. ఈ పొద్దు ఫోటో స్టూడియో ఈశ్వరప్ప ఆ పటాన్ని స్కానరు అద్దం మీద బోర్లించి, కింద నుంచి ఒక వెలుగుగీత నడిపించి, వాటిని నా అరచెయ్యంత చేసి ఈ కంప్యూటరు తెర మీద నిలబెట్టాడు. ముందుగదిలో ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వస్తే లేచి వెళ్తూ, "ఆలోచన చేసి పెట్టండి టీచరమ్మా. యా కండ్లు కావాలనో మీరు చెప్తే సాయంత్రానికి పటం మీ చేతిలో ఉంటాది. కరెంటు మాత్రం మన మాట వినదు" అన్నాడు. రేపు పెద్దల అమావాస్య. మంగళవాడలో మా తమ్ముడు తిమ్మన్న ఇంట్లో అమ్మ పటం పెట్టి, ముందు ఆకు వేసి వడ్డిస్తారు. ఏ కళ్ళు కావాలో ఆ లోపల నేను చెప్పాలి. అమ్మ కళ్ళు ఎలా ఉండేవో నాకు గుర్తు లేదు. ఈ మాటను ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నమ్మరు. చదివిన పుస్తకంలో ఒక వాక్యం ఎడమ పేజీలో ఉందో కుడి పేజీలో ఉందో చెప్పగల మనిషిని నేను. అమ్మ మడమల పగుళ్ళు గుర్తున్నాయి, దగ్గు గుర్తుంది, ఎడమ చెవి కమ్మ బరువుకు సాగిన తమ్మె గుర్తుంది. చెవి నుంచి చెంప మీదికి, చెంప మీది నుంచి పైకి వెళ్ళబోయిన ప్రతిసారీ ఈ సిరా కళ్ళు నాకన్న ముందు అక్కడికి వచ్చి కూర్చుంటాయి.

ఈ గదీ నాకు కొత్త కాదు. ఒకప్పుడు వేరుసెనగ మూటలు వేసుకున్న కొట్టు ఇది. ఈశ్వరప్ప దీన్ని తీసుకుని, కిటికీకి నల్లగుడ్డ బిగించి, తలుపు సందుల్లో తారుకాగితం కూరి, ఎర్ర బల్బు వేలాడదీసి డార్క్‌రూమ్ చేశాడు. గోడల్లో ఇంకిన కాయల వాసన మీద ఫోటోలు ముంచే మందు హైపో పులుపు వచ్చి చేరింది. ఇప్పుడు ఆ రెండింటి మీద వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. పక్క వీధిలో కాయలు ఒలిచే మిల్లు ఉండేది. సీజనులో అక్కడి పొట్టు ధూళి ఎంత మూసినా లోపలికి వచ్చి, ఆరబెట్టిన నెగటివ్‌ల మీద వాలేది. ఒక్కొక్క నలుసూ ప్రింటు మీద ఒక తెల్లచుక్క అయ్యేది. పెళ్ళికొడుకు నల్లకోటు మీద, పెళ్ళికూతురి జడ మీద, ఎక్కడ చూసినా చుక్కలు. వాటిని వెంట్రుకలు రాలిపోయిన ఒక సన్నని కుంచెతో, వేలి మీద ఉమ్మితో నల్లరంగు కలుపుకుంటూ, ఒక్కొక్కటిగా మూసేవాడు ఈశ్వరప్ప. ఆ పని చూస్తూ ఇదే బల్ల మీద నేను చాలాసార్లు కూర్చున్నాను. మా బడి పిల్లల గ్రూపు ఫోటోలన్నీ అతనే తీసేవాడు. ఒక పిల్ల చెంప మీద చుక్కను మూసిన తరువాత అది ఎక్కడ ఉండేదో మళ్ళీ కనిపెట్టడం నా వల్ల అయ్యేది కాదు. అతనికి ఆ సంగతి తెలుసు. వినయం అతని గుణాల్లో లేదు. "ఈ తాలూకాలో నా మాదిరి గీసేవాడు ఉంటే తీసుకరండి, నా కెమెరా వానికిచ్చి నేను శెనక్కాయలు పీకేదానికి పోతా" అనేవాడు. బోర్డు మీద తన పేరు పక్కన ఆర్టిస్టు అని తానే రాసుకున్నాడు. ఇంట్లో కూడా నల్లకళ్ళద్దాలు తీసేవాడు కాడు. నాకు ఆ డాంబికం కంటగింపుగా ఉండేది. కాని అతను చెప్పుకున్న దానిలో అబద్ధం లేదని ఒప్పుకోవడానికి నాకేమీ ఇబ్బంది లేదు. ఈ దేశంలో ఏ పనీ సరిగా చేయనివాళ్ళ డాంబికాన్ని నేను బడుల్లోనూ ఆఫీసుల్లోనూ జీతం తీసుకుంటూ భరించాను; పని తెలిసినవాడి డాంబికాన్ని ఊరికే భరించగలను.

ఎనభై అయిదు కరువులో అమ్మ చనిపోయింది. నరసక్క అనే మనిషి ఒకతె అరవై ఏళ్ళు బతికిందనడానికి ఒక్క ఫోటో లేదు. మా నాయన ఆదినారాయణప్పకు ఉన్నాయి. సొసైటీ పాసుబుక్కులో ఒకటి, ఎద్దుల జత కొన్నప్పుడు వాటి మధ్య నిలబడి ఒకటి. అంటే ఎద్దులకూ ఫోటో ఉంది. అమ్మకు లేదు. ఆడవాళ్ళ ముఖాలతో ప్రభుత్వానికి పని పడింది ఓటరు కార్డులు వచ్చిన తరువాత. అమ్మ అంతదాకా ఆగలేదు. ఒకసారి జాతరలో నేను చెయ్యి పట్టి లాగితే, "నా మొగం యాడికి పోతాదే, ఇంట్లోనే ఉండాది గదా" అని నవ్వి, చెయ్యి విడిపించుకుని పోయింది. నవ్వింది, అవును. నవ్వినప్పుడు నోరు గుర్తుంది. పై పెదవి మీద చెమట గుర్తుంది. పైకి పోతే మళ్ళీ ఈ సిరా. మా వైపు చనిపోయినవాళ్ళను పడుకోబెట్టి ఫోటో తీయరు. ఇంటి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ బతికినవాళ్ళు నిలబడి తీయించుకుంటారు. జన్మలో కుర్చీ ఎక్కని మా అమ్మ కోసం ఊరి బడి నుంచి హెడ్‌మాస్టరు కుర్చీ తెచ్చారు. మెడ నిలవలేదు. కుర్చీ వెనక నిలబడి కొంగు చాటు నుంచి తల పట్టుకున్నది నేనే. మోపెడ్ మీద వచ్చిన ఈశ్వరప్ప ఆ రోజు ఒక్కరోజు నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "టీచరమ్మా, మీ చేతి ఏళ్ళు కనపడతాండాయి, కొంగు ఇంకా కిందికి తీసుకోండి. ఆ, అట్ల. అందురూ ఊపిరి బిగబట్టండప్పా" అన్నాడు. ఊపిరి బిగబట్టడానికి ఇబ్బంది లేని మనిషి మా మధ్య ఒకతె ఉంది. తీసిన తరువాత తిమ్మన్న అతని దగ్గరికి వెళ్ళి, "కండ్లు తెరిపీయాల ఈశ్వరప్పా. మూసుకోనుండే ఫోటో ఇంట్లో పెట్టుకోకూడదంట" అన్నాడు. "అది నాకు చెప్పేదేంది తిమ్మన్నా. నిద్ర లేసి కూసున్నట్ల ఉంటాది మీయమ్మ, చూడు" అన్నాడు ఈశ్వరప్ప. నేను వెనక ఉన్నాను. నా వేళ్ళకు ఆమె జుట్టు తెలిసింది, మెడ చల్లదనం తెలిసింది. ముఖాన్ని చూసింది కెమెరా ఒక్కటే.

కళ్ళు తెరిపించడం అనే పనిని అతను ఎలా చేసేవాడో ఆ తరువాత ఇదే గదిలో చూశాను. ప్రింటు ఆరిన తరువాత, మూసుకున్న రెప్పల మీద ముందు తెల్లరంగు ఒక పూత, దాని మీద నల్లగుడ్డు, గుడ్డులో వెలుగుచుక్క, పైన రెప్పగీత. కుంచె ఎక్కడా ఆగేది కాదు. అప్పటి నుంచి నాకు ఒక అలవాటు పట్టుకుంది: ఏ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళినా గోడల మీది చనిపోయినవాళ్ళ కళ్ళ వైపే చూపు పోయేది. మంగళవాడలో, హొసకోటలో, పావగడ సందుల్లో, ముసలివాళ్ళూ బాలింతలూ పాము కరిచిన రైతులూ అందరూ ఒకే కళ్ళతో చూసేవారు. కొంచెం పెద్దవి, కొనలు పైకి తిరిగినవి, ఎదుటివాణ్ణి నిలదీసేవి. ఒకరోజు అడిగేశాను. "ఎవరివి ఈశ్వరప్పా ఈ కళ్ళు?" అతను సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఇంగెవురివి టీచరమ్మా. గీసేటప్పుడు ఎదురుగ్గా నిలబడుకోని తిట్టేది ఒకతే గదా" అన్నాడు. అతని భార్య మారక్కవి. లోపలి నుంచి ఆమె గొంతు వెంటనే వచ్చింది: "అందుకేనేమో నాకు నిద్దర పట్టనిది! ఊర్లో చచ్చినోల్లందరికీ నా కండ్లు పెట్టి, నాకు మాత్రం ఒక కాటుక డబ్బీ తెచ్చినావా యా పొద్దన్నా?" అంటే నా ఇంటి గోడ మీద మా అమ్మ ముఖంలో నుంచి ఇంతకాలం నన్ను చూసింది మారక్క. నవ్వాను. ఆ రోజు నిజంగానే నవ్వాను. ఫోటోలో ముఖం ఇంకా ఉంది కనుక నవ్వగలిగాను.

మారక్క అతన్ని తిట్టింది దేనికోసమో కూడా చెప్పాలి. నీళ్ళ కోసం. ప్రింటు మీద హైపో మిగలకుండా పోవాలంటే దాన్ని మార్చి మార్చి నీళ్ళలో కడగాలి. తొందరపడితే లోపల మిగిలిన మందు వెండిని మెల్లగా తినేస్తుంది. అతనికి ఇది తెలియక కాదు. కాని బోర్లు ఎండి, ట్యాంకరు ఎప్పుడు వస్తుందో తెలియక, ఆడవాళ్ళు పొద్దున్నే బిందెలు వరసలో పెట్టి కాచుకున్న కాలంలో, మోసుకొచ్చిన ప్రతి బిందె మీదా మారక్కకు హక్కు ఉంది, భుజం నొప్పి ఆమెది కనుక. "చచ్చినోల్లకి అన్ని స్నానాలు, బతికినోల్లకి చెంబుడు నీళ్ళు లేవు. ఏం మనిషివయ్యా నువ్వు?" "కడగకపోతే మొగాలు నిలవవే." "మొగాలు తర్వాత. బిడ్డ నోట్లో ఏం పోస్తావు, నీ హైపోనా? గేదెగూడ మూతి పెట్టల్యా ఆ నీళ్ళకి!" ఈశ్వరప్ప గొణిగాడు, తలుపు వేసుకున్నాడు, చివరికి నీళ్ళలో ఒక్క ముంచుతో సరిపెట్టాడు. ఆ కరువేళ్ళలో తీసిన ఫోటోలన్నీ ఒక్క ముంచులో కడిగినవే. అతన్ని నేను తప్పు పట్టను. పట్టేవాళ్ళు ముందు ఒక బిందె మోసి చూపాలి. తాలూకా ఆఫీసులో కూర్చుని కరువు లేదని రిపోర్టులు రాసినవాళ్ళ గ్లాసుల్లో మాత్రం నీళ్ళు నిండుగానే ఉండేవి.

కొన్నేళ్ళకు ఫోటోలు పచ్చబడటం మొదలయింది. అంచుల నుంచి వచ్చింది పసుపు, చీర మీదికి, చెంపల మీదికి. వెండి పోయింది, ఉమ్మితో కలిపి గీసిన నల్లరంగు పోలేదు. ఇంటింటా ముఖాలు కరిగి, మారక్క కళ్ళు మాత్రం మిగిలాయి. హొసకోటలో మా వీధిలో కూలికి వెళ్ళే దాసమ్మ ఇంట్లో మొదటిసారి చూశాను: ఆమె మొగుడి పటం ముందు ఒక రాగిచెంబు నిండా నీళ్ళు. ఎందుకని అడిగితే, "దాహంగా ఉండాడు టీచరమ్మా ఆయప్ప. ఎట్ల పచ్చబడినాడో చూడు. నీళ్ళు అందలేదంటాండారు. పొద్దూ మాపూ పెడతాండా" అంది. తరువాత గమనిస్తే చాలా ఇళ్ళలో చెంబులు. కరువులో పోయినవాళ్ళే పచ్చబడుతున్నారు కనుక వాళ్ళ ప్రాణాలు నీళ్ళ కోసం కొట్టుకుంటున్నాయని ఊళ్ళు తేల్చుకున్నాయి. మూఢనమ్మకాల మీద పాఠాలు చెప్పిన నేను ఆ చెంబును మూఢనమ్మకం అనలేను. ఎందుకంటే ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ ఫోటోకు నీళ్ళు అందలేదు. ఈ సంగతి తీసుకొచ్చి ఈశ్వరప్పకు చెప్పాను. అతను వింటూ, చేతిలో ఉన్న లెన్సును గుడ్డతో తుడుస్తూ, తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. మరుసటి రోజు నుంచి మోపెడ్ వేసుకుని ఊరూరా తిరిగాడు. పచ్చబడిన పటాలు అడిగి తెచ్చుకున్నాడు. "ఏం ఈశ్వరప్పా, చచ్చినోల్లని మళ్ళీ ఎత్తకపోతాండావే?" అని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. తెచ్చినవాటిని కెమెరా కింద పెట్టి, రంగు ఫిల్టర్లు మార్చి, కాగితాలు మార్చి, మళ్ళీ తీసి చూశాడు. వచ్చినవి ముఖాలు కావు, ముఖాల అనుమానాలు. నెగటివ్‌లు ఉంటే మళ్ళీ ప్రింటు వేసేవాడు. అవి ఉన్న పెట్టెకు చెదలు పట్టింది.

ఆ తరువాతే అతను బెంగళూరు వెళ్ళాడు. అక్కడ ఒక ల్యాబులో, చిరిగిపోయిన పెళ్ళిఫోటో తెర మీద అతుక్కోవడం చూశాడట. యాభై దాటిన మనిషి, మీసం రాని పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు. మెనూలోని మాటలను మాటలుగా కాక, పొడుగూ పొట్టీ చూసి, ముఖాలను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. ఊరికి వచ్చినప్పుడల్లా కాగితం మీద బొమ్మలు దించినట్టు దించుకుని వచ్చిన మాటలకు నా దగ్గర అర్థాలు అడిగేవాడు. "'అన్‌డూ' అంటే ఏంది టీచరమ్మా?" "చేసిన పనిని చేయనట్టు చేయడం." అతను నా ముఖంలోకి చూసి, "అట్లాంటి మాట ఉండాదా లోకంలో!" అన్నాడు. కంప్యూటరు కొన్నప్పుడు దాని తెరను బొంతలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కండక్టరు "ఏందప్పా, టీవీనా?" అంటే, "కాదు, డార్కు రూము" అన్నాడట. ఈ మాటను ఇప్పటికీ తానే చెప్పుకుని తానే నవ్వుతాడు. నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద దించే ఎన్‌లార్జరును గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టి, అది ఉన్న చోటనే దీన్ని పెట్టాడు. ఎర్ర బల్బు తీయలేదు. ఎందుకు తీయలేదని నేను అడగలేదు.

కంప్యూటరు వచ్చి ఫోటోను అబద్ధం చేసిందని ఈమధ్య పత్రికల్లో వ్యాసాలు చదువుతున్నాను. ఆ పెద్దమనుషులు డార్క్‌రూమ్‌లో ఎన్నడైనా నిలబడ్డారా? ఎన్‌లార్జరు వెలుగు కింద ఈశ్వరప్ప చేతులు ఆడటం నేను చూశాను. ఏ ముఖం నల్లబడుతోందో దాని మీద అరచేతి నీడ పట్టి కాచేవాడు. ఏది తెల్లగా తేలిపోతోందో దానికి వేళ్ళ సందులోంచి వెలుగు పోసేవాడు. మొగుడు పోయిన ఆడమనిషి వచ్చి, ఇద్దరమూ కలిసి ఉన్న ఫోటో లేదంటే, రెండు నెగటివ్‌లను ఒక్క కాగితం మీద దించి, భుజాలు తాకించి, ఇద్దరి మీదా ఒకే వైపు నుంచి ఎండ పడేలా చేసేవాడు. అది అబద్ధమే. తెలిసి అడిగిన అబద్ధం, తెలిసి ఇచ్చిన అబద్ధం. ఇప్పుడు అదే పనిని ఎలుకలాంటి ఒక వస్తువును బల్ల మీద జరుపుతూ చేస్తున్నాడు. నీడ ఎటు పడాలో ఇప్పటికీ తప్పడు. మారింది ఒక్కటే. అప్పుడు చెయ్యి జారితే కాగితం పోయేది, ఇప్పుడు వెనక్కి రావచ్చు. నాకు అసహ్యం వేసేది అబద్ధం చేసే యంత్రం మీద కాదు, అడిగేవాళ్ళ మీద. మా తిమ్మన్న నిన్న చెప్పి పంపాడు: అమ్మ మెడలో కాసులపేరు వేయించాలట, పట్టుచీర కట్టించాలట, కంప్యూటరులో అన్నీ అవుతాయట. బతికుండగా ఆమెకు తడిచీర మార్చుకోవడానికి రెండో చీర లేని రోజులు వాడికి తెలుసు. యంత్రానికి ఏం తెలుసు, పాపం. నన్ను మాత్రం ఈ కళ్ళ ముందు కూర్చోబెట్టి ఏవి కావాలో చెప్పమంటున్నారు. నాకు గుర్తు లేని దాన్ని నేను ఎలా ఎంచను?

ఈశ్వరప్ప వచ్చాడు. నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి ఇప్పుడు, మన గారడీ" అంటూ ఏదో నొక్కాడు. ప్రతి రంగుబొమ్మలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలు ఉంటాయట. ఎరుపు పొర ఒక్కటే చూపాడు, బూడిద. ఆకుపచ్చ చూపాడు, బూడిదలో ఒక నీడ. నీలం పొర ఒక్కటే ఉంచాడు. అంతవరకు పసుపుగా కరిగిపోయి ఉన్నదంతా ఆ నీలం పొరలో నల్లగా కనిపించింది. తెర మీద, పొగలోంచి మనిషి నడిచి వచ్చినట్టు, నుదుటి మీద గీతలు వచ్చాయి. ముక్కు వచ్చింది, ముక్కుపుడక లేని చిల్లుతో సహా. చెంపఎముకలు వచ్చాయి. తమ్మె సాగిన ఎడమ చెవి, మూసిన నోరు, నోటి మూలల్లో కుంగిన చర్మం. కరిగిపోయిందనుకున్న మనిషి ఇంతకాలం పసుపులో ఆగి ఉంది. పక్కనున్నవాడి ముఖంలో తన పనిని తాను మెచ్చుకునే ఆ పాత వెలుగు ఉంది. ఉండనీ. సంపాదించుకున్నాడు. కాని ఆ ముఖం మధ్యలో, ముఖంతో సంబంధం లేకుండా, మారక్క నిలబడి నిలదీస్తోంది.

"ఈ కండ్లే ఉండనీ అంటే ఉండనిస్తా" అన్నాడు. "లేదంటే మీ ఫోటో ఒకటి తీసి మీ కండ్లు పెడతా. బిడ్డవి గదా, పోలిక ఉంటాది. ఎవురూ కనుక్కోలేరు. నేనే కనుక్కోలేను." కొంచెం ఆగాడు. "ఇంకోటి ఉండాది. అది గారడీ కాదు. ఆ రంగు నీళ్ళకి కరిగేది. అసలు పటం మీద తడి దూది పెట్టి తుడిస్తే పోతాది, కింద ఏముండాదో కనపడతాది. అయితే పాత పొర. తడి తగిలి లేసొచ్చిందంటే కండ్లూ లేవు, రెప్పలూ లేవు. దానికి అన్‌డూ లేదు టీచరమ్మా. మీ నోటితో మీరు చెప్పాల."

నా కళ్ళు. అది సులువు. అద్దంలో రోజూ చూసేవే, పుస్తకాలు చదివి చదివి గుంటలు పడినవి. వాటిని అమ్మ ముఖంలో పెట్టి రేపు తిమ్మన్న ఆకు ముందు నిలబెడితే, నాకు నేనే దండం పెట్టుకున్నట్టు. మిగిలిన బతుకంతా అమ్మను గుర్తు చేసుకోబోయి నన్ను చూసుకోవాలి. ఒక అబద్ధం ఆమెను నా లోపల నుంచి ఇప్పటికే ఒకసారి చెరిపేసింది. రెండోదాన్ని నా చేతులతో నేను పెట్టను. కింద మూసిన రెప్పలే ఉండవచ్చు. ఉంటే ఉండనీ. చనిపోయిన మనిషి కళ్ళు మూసుకుని ఉండటంలో ఇంటికి వచ్చే కీడేమిటో, అరవై ఏళ్ళు తెరుచుకుని ఉన్నప్పుడు ఎవరూ చూడకపోవడంలో లేని కీడేమిటో, ఎవరైనా నాకు చెప్పాలి.

"తుడువు" అన్నాను.

అతను మారక్కను కేకేశాడు. ఆమె గిన్నెలో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, తెర వైపు చూసి, "అయ్యో, నన్నేనా తుడిచేది?" అంది. తరువాత నా ముఖం చూసి మాట మార్చింది: "తుడువు, తుడువు. పదిమందిని చూసీ చూసీ నాకూ అలుపొచ్చింది." పోలేదు, తలుపు పట్టుకుని నిలబడింది. ఈశ్వరప్ప కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. దూదిని అగ్గిపుల్లకు చుట్టి, తడిపి, పిండి, మళ్ళీ పిండి, పటం మీద ఆనించీ ఆనించనట్టు తిప్పాడు. నల్లది దూదికి అంటింది. ఇంకో దూది. తెల్లపూత మెత్తబడి పాలలా వచ్చింది. పొర అంచున ఒకచోట చిన్న బుడగ లేచింది. అతని చెయ్యి అక్కడికక్కడే ఆగి, బుడగ దానంతట అది సర్దుకునే దాకా గాలిలో నిలిచింది. పొట్టునలుసులు మూసిన చెయ్యి, వెలుగుకు నీడ పట్టిన చెయ్యి, ఎలుకను జరపడం నేర్చుకున్న చెయ్యి. మూడు కాలాల పనితనమూ ఆ అగ్గిపుల్ల చివర నిలబడి ఉండటం చూస్తూ నేను భయపడటం కూడా మరచిపోయాను. రెండో కన్నూ అయింది. ఫ్యాను కింద ఆరనిచ్చి, అద్దం మీద బోర్లించి, మళ్ళీ వెలుగుగీతను నడిపించాడు. మళ్ళీ నీలం పొర.

రెప్పలు. కాని పూర్తిగా మూసుకుని లేవు. పై రెప్పకూ కింది రెప్పకూ మధ్య వేరుసెనగ పైపొరంత సన్నని సందు, ఆ సందులో తడిగా ఒక నలుపు. అమ్మవే. ఎవరూ గీయనివి. అవి కెమెరాను చూడటం లేదు. వంగి, ఒళ్ళోకి, తన చేతుల వైపు చూస్తున్నాయి. ఆ క్షణంలో, వెతకకుండానే, విత్తనాల కాలం గుర్తుకు వచ్చింది. మిల్లులో ఒలిస్తే గింజకు దెబ్బ తగులుతుందని విత్తనాన్ని చేత్తోనే ఒలుస్తారు. అమ్మ గడప దగ్గర కూర్చుని వేలిసందున కాయ నొక్కుతూ ఉండేది, నేను పాఠం పైకి చదువుతూ ఉండేదాన్ని. నేను ఆపితే, "ఇంగోసారి చదువు, ఆ రాజు మాట" అనేది, తల ఎత్తకుండా. ఎప్పుడూ తల ఎత్తకుండా. చేతులకు కళ్ళు కావలసి ఉండేవి. మాకు చెవులు మిగిలేవి. నేను మరచిపోలేదు. నేను ఎరిగిన అమ్మ కళ్ళు ఇవే, ఇంతే. పెద్దగా తెరిచి నన్ను చూసే తీరిక ఆమెకు ఎవరూ ఇవ్వలేదు కనుక అలాంటి కళ్ళు నా జ్ఞాపకంలో లేవు. లేనిదాన్ని వెతుక్కుంటూ ఉన్నదాన్ని పోగొట్టుకున్నానని ఇన్నేళ్ళూ నన్ను నేను శిక్షించుకున్నాను.

"తెరుచుకోనే ఉండాయి" అన్నాడు ఈశ్వరప్ప, గొంతు తగ్గించి. "రంగు పెట్టేటప్పుడు నేను చూడనేలేదు టీచరమ్మా. చెయ్యి దానంతట అది గీసేసింది." తలుపు దగ్గర మారక్క ముక్కు చీదింది. అతను తెర మీది బొమ్మను ఇంకా దగ్గరికి తెచ్చాడు. ఆ సన్నని సందు గడపంత అయింది. అందులో నలుపు, బూడిద, ఇంకా కొంచెం నలుపు. మౌస్ మీద అతని చూపుడువేలు లేచింది. తెర మీద చిన్న కుంచె గుర్తు కదిలి ఆ నలుపు మీదికి వచ్చి నిలిచింది. "ఒక్క చుక్క" అన్నాడు, నాతో కాదు. "తెల్లది. ఆవగింజలో సగం. జీవం వచ్చేస్తాది." అతను చెప్పింది నిజం, ఒక్క చుక్కతో ఆమె లేచి కూర్చుంటుంది, నాకు తెలుసు. వద్దు అనడానికి నోరు తెరిచాను, అనలేదు. కళ్ళు గీయడంలో ముప్పై ఏళ్ళుగా ఎక్కడా ఆగని చెయ్యి అది. అనవలసింది నేను కాదు. ఫ్యాను తిరుగుతోంది. బయట హొసకోట బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. కుంచె గుర్తు ఆ నలుపు మీద చాలాసేపు నిలిచి, కొంచెం పక్కకు జరిగి, మళ్ళీ వచ్చింది. అప్పుడు ఈశ్వరప్ప చుక్క పెట్టకుండానే మౌస్ మీది నుంచి చెయ్యి తీసి, రెండో చేతిలోకి తీసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు.